నా నెత్తి మీద మా అత్త మొక్కు

ఎంటికలు మళ్ళ చెవులు దాటినయి. గందుకే గిది రాయబుద్ధయింది. ఇంతకుముందు రెండు తాపలు నోటుబుక్కు ముంగటేసుకొని కూసున్న గని, కోపానికి ఒక్క లైను సుత సక్కగ పడలే. ఇప్పుడు కోపం పోయిందా అంటె పోలే. అన్నం తింటున్న, నిద్ర పడుతున్నది, మిషను తొక్కుతున్న. గంత బలం వచ్చింది కాబట్టి రాస్తున్న.

దవాఖాన బెంచీల మీద పొద్దుపోక గిసొంటి రాతలు నేను శానా చదివిన. అన్నిట్ల మొగడు బంగారం, డాక్టరు దేవుడు, చుట్టాలు అందరు మంచోళ్లు. రోగం వచ్చి మనిషిని మంచిగ చేసి పోయిందని ఆఖరుకు రాస్తరు. నన్నయితే మంచిగ చెయ్యలే. ఇంతకుముందు కంటె నా నోరు ఎక్కువ లేస్తున్నది. చదివేటోళ్లు జర ఓర్చుకోవాలె.

మాది నార్కట్‌పల్లి. నేను జాకెట్లు కుడత. నా పెనిమిటి సైదులుకు హైవే పక్కన పంక్చర్ల షాపు. ఒక్కతే బిడ్డ, గురుకులం హాస్టల్ల సదువుకుంటది. ఇంట్ల మా ఇద్దరితోని మా అత్త లచ్చమ్మ ఉంటది.

నా అసలు పేరు సువార్త. మా తల్లిగారిది మోత్కూర్, మా తాత కాలం సంది చర్చికి పోయే ఇల్లు. సైదులు వాళ్లది గుడికి పోయే ఇల్లు. కులం ఒక్కటే, దేవుళ్లే వేరు. మా దిక్కు ఎస్సీ వాడల్ల గిది కొత్త ముచ్చట కాదు. పెండ్లి మాటలప్పుడు మా బాపు ఒక్కటే అడిగిండు, "పిల్ల ఆదివారం చర్చికి పోతది, ఆపొద్దు" అని. మా అత్త సుత ఒక్కటే అడిగింది, "పిల్ల బొట్టు తీయొద్దు, నా కొడుకు బతికుండంగ బోడి మొఖం నేను చూడలేను" అని. ఇద్దరు ఒప్పుకున్నరు. పెండ్లి కార్డు మీద మాత్రం నా పేరు సుజాత అని అచ్చేసిన్రు. ఆధార్ల సుత అదే పడ్డది. చర్చిల సువార్తను, మిగిలిన అన్ని జాగాలల్ల సుజాతను.

బొట్టు పెట్టుకొనే చర్చికి పోత. చర్చి ఆడోళ్లు చూసి మూతి తిప్పుతరు. గడప కాడ తుడుసుకొని లోపలికి రావచ్చు గదా అని ఒకామె సలహా ఇచ్చింది. మాట ఇచ్చిన, తుడవ అన్న.

సైదులు గుడికి పోడు, చర్చికి రాడు. "దేవుడే ఉంటె రోడ్ల మీద మొలలు ఎందుకుంటయే? మొలలు లేకుంటె నేనెట్ల బతుకుత? దేవుడు లేకుంటెనే నాకు మంచిది" అంటడు. ఎవలన్న ప్రార్థన మాటెత్తితే చాలు, ఒక తీరుగ నవ్వుతడు. పద్నాలుగేండ్ల సంది గా నవ్వు చూస్తున్న.

తారీఖులు నాకు యాది ఉండయి. ఆదివారాలు, పండుగలు యాదుంటయి. గా లెక్కన్నే చెప్త.

శ్రమ దినాలు

ఈస్టరుకు ముందు నలభై దినాలు మా చర్చిల ఒక్కపొద్దులు ఉంటం. ప్రభువు పడ్డ శ్రమలు యాది చేసుకునే దినాలవి. కరోనా పూరాగ తగ్గినంక వచ్చిన ఏడు, గా దినాలు మొదలైన వారంలనే స్నానం చేస్తుంటె ఛాతిల గడ్డ చేతికి తగిలింది. రేగుపండంత ఉన్నది. నొప్పి లేదు, ఏం లేదు.

దినాం నలుగురైదుగురు ఆడోళ్ల ఛాతి కొలతలు తీసేదాన్ని నేను. ఎవలకు ఎక్కడ వదులున్నదో, ఎక్కడ బిగుతున్నదో చూడంగనే చెప్త. నా పెయ్యి సంగతి నేను ఎవలకు చెప్పలే. నాకు నేనే ఒక ఒప్పందం చేసుకున్న. ఈ నలభై దినాలు గట్టిగ ఒక్కపొద్దులుంటె, ఈస్టరు వరకు అది కరిగిపోతది అని. గిట్ల చెయ్యమని మా పాస్టరయ్య చెప్పలే. వాక్యంల ఎక్కడ లేదు. నా అంతట నేనే అనుకున్న. దేవునికి గడువు పెట్టేటంత పెద్దదాన్నయిన.

దినాం పొద్దుగాల తడిమి చూసుకునేది. తగ్గినట్టే అనిపించేది. మట్టలాదివారం నాడు చర్చిల అందరం ఈత మట్టలు పట్టుకొని పాడుకుంట తిరుగుతుంటె, చెయ్యి పైకి లేపినప్పుడు సంకల కాడ గుంజింది. అప్పుడు నాకు తెలిసిపోయింది. అయినా ఇంకో వారం ఆగిన. ఈస్టరు దాకా అన్న గద, మాట తప్పొద్దని. ఎంత పిచ్చిదాన్నో చూడుండ్రి.

ఈస్టరు తెల్లారి సైదులుకు చెప్పిన. షాపు బందు పెట్టి పట్నం తీసుకపోయిండు. పెద్ద దవాఖానల లేడీ డాక్టరు చూసి, "ఇన్ని దినాలు ఏం చేసినవమ్మా?" అని అడిగింది. నేను నిజమే చెప్పిన. "ఒక్కపొద్దులు ఉన్న మేడం" అన్న. సైదులు డాక్టరు ముంగటనే నవ్విండు. అదే నవ్వు, గని కండ్లల్ల నీళ్లున్నయి. "నలభై దినాలు నా పక్కనే పండుకున్నవ్ గదనే" అన్నడు.

చదివే ఆడోళ్లకు చెప్తున్న. ఒక్కపొద్దు ఉండుండ్రి, ప్రార్థన చేసుకోండ్రి, ఎవలు వద్దన్నరు. గని గడ్డ తగిలిన తెల్లారే దవాఖానకు పోండ్రి. పోయి లైన్ల నిలబడి గా ప్రార్థనేదో గక్కడనే చేసుకోండ్రి. టైము మస్తు దొరుకుతది.

ఎండకాలం

టైము అంటె గంత టైము. పొద్దు పొడవకముందే బస్సెక్కి పోతె, టోకెను పిలిచేటాల్లకు పగటి అన్నాల యాళ్ల దాటేది. హాలు నిండ మనుషులు. బెంచీలు దొరకనోళ్లు కింద పేపర్లు పరుసుకొని కూసునేది. అందరి సేతుల ఫైళ్లే. ఒకల ఫైలు ఎంత మందం ఉన్నదో ఇంకొకలు దొంగతనంగ చూసేది. మందం ఫైలు పట్టుకొని నవ్వుకుంట తిరిగే మనిషి కనపడితె జర ధైర్యం వచ్చేది.

క్యాన్సరు మందు ఎక్కిచ్చినంక నాకు నోరంత తుప్పు వాసన. అన్నం ఉడికే వాసన పడకపోయేది. రెండో తాప మందుకు ఎంటికలు రాలినయి. దువ్వెనల రాలినయి, దిండు మీద రాలినయి, కుట్టే బట్ట మీద రాలినయి. ఒకామె జాకెట్టు కుట్టుల నా ఎంటిక పడి కుట్టుకపోయింది. ఆమె తెచ్చి మిషను మీద పెట్టి, మళ్ళ కుట్టియ్యమని అనలే. మిగిలిన బట్టలు సుత వాపసు ఇయ్యమన్నది. అంటుకునే రోగం కాదక్కా అన్న. "నాకెర్కనే, మా ఇంటాయన వద్దన్నడు" అన్నది. గా నెల సంది నా మిషను మీద దుమ్ము పడ్డది.

దవాఖానల నా పక్క మంచం రజియా అని పాలమూరు ఆమెది. నేను గుండు మీద చెంగు కప్పుకొని గోడ దిక్కు తిరిగి పండుకుంటె, ఆమె లేసొచ్చి నా మొఖం తన దిక్కు తిప్పుకున్నది. తన సంచిల నుంచి పూల పూల స్కార్ఫు తీసి, చెవుల ఎనుక నుంచి తెచ్చి ముడేసుడు ఎట్లనో మూడు తాపలు చూపిచ్చింది. "అద్దంల చూసుకోకు, నన్ను చూడు. నేను మంచిగ లేనా?" అన్నది. ఉన్నవన్న. ఆమె తస్బీ పూసల దండ తిప్పుకునేది, నేను నా ప్రార్థన చేసుకునేది. ఒకలనొకలం ఏం అడగలే. వానలు పడ్డంక ఆమె మంచం మీద ఇంకొకామె వచ్చింది. నర్సును అడిగితె తల పక్కకు తిప్పుకొని సూది సదురుకున్నది.

మా చర్చి నుంచి ఆరుగురు వచ్చిన్రు. వచ్చింది ఒక్కటే తాప. బ్రెడ్డు, గ్లూకోజు పాకిటు తెచ్చిన్రు. మంచం సుట్టు నిలబడి గట్టిగ ప్రార్థన చేసిన్రు. అయిపోయినంక అండ్ల పెద్దామె నా చెయ్యి పట్టుకొని, మెల్లగ, "ఏమన్న దాచిన పాపం ఉంటె ఒప్పుకో సువార్తమ్మా. ఒప్పుకుంటె అప్పుడే స్వస్థత" అన్నది. సైదులు వార్డు వాకిట్ల నిలబడి విన్నడు. వాళ్లు పోయినంక లోపలికొచ్చి, "గిదేనానే నీ చర్చి? రోగం ఇచ్చింది ఆయనేనట, తప్పు నీదట!" అన్నడు.

నాకు కోపం ఆ ఆరుగురి మీద వచ్చింది. ప్రభువు మీద సుత వచ్చింది, అబద్ధమెందుకు. ఎన్ని తాపలు అడిగిన్నో, ఆదివారాలల్ల నేనేం తక్కువ చేసిన్న అని. మరి ఎందుకు ఇడిసిపెట్టలేదు అంటె, మందు సుక్క సుక్క దిగుతున్నప్పుడు నా పక్కన ఎవలో కూసున్నట్టు ఉండేది. గంతే. సైదులు రుజువేంది అని అడిగితె నా కాడ ఏం లేదు.

వానకాలం

సైదులు షాపు బందు పెట్టుకొని ఎన్ని దినాలు తిరుగుతడు? ఆయనకు బదులు మా అత్త రావడం మొదలువెట్టింది. అరవై ఐదేండ్ల మనిషి. అంతకుముందు పట్నం రెండే తాపలు చూసింది. మొదటి దినం లిఫ్టు ఎక్కనని మెట్లెక్కి నాలుగో అంతస్తుకు వచ్చింది. నాలుగో దినానికి లిఫ్టు అబ్బాయినే దబాయిస్తున్నది.

నేను కక్కుకుంటె బేసిను పట్టింది. పెయ్యి తుడిసింది. నాకు పచ్చిపులుసు తప్ప ఏం పడతలేదని, డబ్బల పోసుకొని బస్సుల ఒళ్లె పెట్టుకొని తెచ్చేది. మంచం కింద చాప ఏసుకొని పండేది. "మీ అమ్మనా?" అని అందరు అడిగేది. "కాదు, దీని మొగని అమ్మను" అని మా అత్త గొంతు పెంచి చెప్పేది. గన్ని దినాలల్ల ఒక్కనాడు సుత నన్ను తన దేవునికి మొక్కమని అనలే. నేను కండ్లు మూసుకొని ప్రార్థన చేస్తుంటె, అయిపోయే దాక సప్పుడు చెయ్యకుండ కూసునేది.

ఒకనాడు మా పాస్టరయ్య ఫోన్ల ప్రార్థన చేసిండు. అయిపోయినంక, "సువార్తమ్మా, నీ మంచం కాడ అన్యదేవతలది ఏదన్న ఉన్నదా చూసుకో. అసొంటిది ఉన్న కాడ స్వస్థత దిగదు" అన్నడు. ఏం లేదయ్యగారు అన్న. ఫోను పెట్టేసినంక నాకు భయం, బుగులు పట్టుకున్నది. దిండు గలీబుల చెయ్యి పెట్టి చూసిన. పసుపు రాసిన గుడ్డ, గట్టిగ ముడేసి ఉన్నది. లోపల రూపాయి బిళ్ల తగిలింది. ముడుపు. మొక్కినప్పుడు దేవుని పేరు మీద కట్టి, మొక్కు తీరినంకనే ఇప్పేది.

మా అత్త ఉడుకు నీళ్లకు పోయింది. ఆమె వచ్చేలోపల నేను గా ముడుపును తీసి, మంచం పక్కనున్న చెత్తడబ్బల, దూది ముక్కల నడుమ ఏసిన. ఏదో గెలిచినట్టు అనిపించింది.

మాపటికి దుప్పటి మారుస్తుంటె మా అత్త దిండు తడిమింది. "గిండ్ల ఉన్నది ఏదే?" అన్నది.

"పారేసిన అత్తా."

ఆమె చెత్తడబ్బ కాడికి పోయింది. అప్పటికే ఎత్తుకపోయిన్రు. కిందికి పోయింది. దవాఖాన ఎనుక చెత్త కుప్పవోసే జాగాల ఎతికిందట, కాపలాయన తర్వాత చెప్పిండు. వాన పడుతున్నది. గంట సేపటికి తడిసిన చీరతోని, వట్టి సేతులతోని వచ్చింది. "జావ తాగినవా? సల్లగైతది" అన్నది. తిడితె బాగుండు. తిట్టలే.

అప్పుడు అది విశ్వాసం అనుకున్న. ఇప్పుడు చెప్తున్న, అది విశ్వాసం కాదు, వట్టి బుగులు. నాకు బుగులు పెట్టినాయన నా మంచం కాడికి ఒక్కనాడు రాలే. గీమె దినాం వచ్చింది. ఇద్దరిల ఎవలి మాట మీద ఎవలి గుడ్డ చెత్తల ఏసిన్నో తలుసుకుంటె ఇప్పటికి సిగ్గయితది.

క్రిస్మస్ నెల

కోసుడు అయిపోయింది, కరెంటు పెట్టుడు, గదే రేడియేషను, అయిపోయింది. డిసెంబరుల నెత్తి మీద నూగు నూగుగ ఎంటికలు మొలిచినయి. మా అత్త అరచెయ్యితోని రాసి చూసి, "మొలిచినయే! సైదులు, ఓ సైదులు, మొలిచినయిరా!" అని వాడంత వినపడేటట్టు ఒర్రింది. నాకు సుత సంబురమైంది. ఇద్దరం నవ్వినం.

అప్పుడు అన్నది. "ఇగ జర పెరగనియ్యి. మా మల్లన్న గుట్టకు పోదాం."

మోత్కూర్ దాటినంక మా అత్త తల్లిగారి ఊరు. గా ఊరి గుట్ట మీద మల్లన్న గుడి ఉన్నది.

"ఎందుకు?" అన్న.

"మొక్కిన. నువ్వు మందు మీదున్నప్పుడు మొక్కిన. పిల్ల బతికి లేస్తె, మొలిచిన మొదటి ఎంటికలు నీకే అన్న. గా ముడుపు గందుకే."

"నన్ను అడగకుండ నా నెత్తి ఎట్ల మొక్కుతవ్ అత్తా?"

"సచ్చేటట్టున్నదాన్ని అడిగి మొక్కుతరానే?" అన్నది.

నేను ఇయ్య అన్న. పదహారేండ్లప్పుడు మోత్కూర్ల బాప్తిస్మం తీసుకున్న దినం, ఇంకొకలకు మొక్కనని అందరి ముంగట మాట ఇచ్చిన. బొట్టు పెట్టుకున్న, సుజాతనైన, పండుగలకు బూరెలు చేసిన, అన్నిటికి తల ఊపిన. గిది మాత్రం కాదు. మా అత్త రెండు దినాలు నచ్చజెప్పింది. తర్వాత మాట్లాడుడు బందు చేసింది. ఆమెది పట్టుదల గాదు, ఆమెకు నిజంగ బుగులే. మొక్కు ఇయ్యకుంటె రోగం తిరగబెడ్తది, పిల్ల సస్తది, గది ఆమె నమ్మకం. నా ఎంటికలు ఎంత పెరిగితె ఆమె మొఖం గంత చిన్నబోయేది.

సైదులు నడుమ పడ్డడు. "ఎంటికలే గదనే, మళ్ళ మొలుస్తయి. ఇచ్చేసి రా."

"నీకు ఎంటికలే. ఆమెకు నా పానం. నాకు నా మాట."

"మీ ఇద్దరి నడుమ నేను పిచ్చోన్నయిత" అని షాపుకు పోయిండు.

గదే నెలల పాస్టరయ్య ఇంటికొచ్చిండు. ముడుపు పారేసిన సంగతి నేనే ఒకనాడు నోరు జారి చెప్పిన. ఆయనకు అది మస్తు నచ్చింది. "క్రిస్మస్ ఆరాధనల సాక్ష్యం చెప్పాలె సువార్తమ్మా. విగ్రహం పోయింది, స్వస్థత వచ్చింది!" అన్నడు. మా చర్చిల ఎవలకన్న బాగైతె, లేసి నిలబడి అందరికి చెప్పుడు రివాజు. మా అత్త వంటింట్ల నుంచి వింటున్నది. జర ఆగుండ్రి అయ్యగారు, ఇంకో పరీక్ష ఉన్నది అన్న.

మళ్ళ శ్రమ దినాలు

గా పరీక్షల ఏదో కనపడ్డదన్నరు. డాక్టరమ్మ తెర దిక్కు చూసుకుంట, "ముక్క తీసి పంపిద్దాం, రెండు వారాలు ఆగాలె" అన్నది. ఇంటికొచ్చి చెప్తె మా అత్త "చూసినవా" అనలే. అంటె కొట్లాడేదాన్ని. గోడకు ఒరిగి కూసున్నది, గంతే. గా మాపు అన్నం ముట్టలే. తెల్లారి సుత ముట్టలే.

సైదులు గా దినం మొదటిసారి నవ్వకుండ మాట్లాడిండు. "నువ్వు నమ్మకు. మల్లన్నను నమ్మకు. అమ్మ కొరకు పోయి గొరిగించుకొని రా. వచ్చి నీ దేవుణ్ణి మాఫీ అడుగు. ఇస్తడు గదా? మీ దేవుని పనే గది గదా?" అన్నడు. నవ్వుకుంట అంటె ఎదురు చెప్పేదాన్ని. బతిమాలుతున్నడు.

మూడో దినం పొద్దుగాల నేను బస్సెక్కిన. ఎవలకు చెప్పలే. మోత్కూర్ల దిగి, గుట్ట దిక్కు పోయే ఆటోల కూసున్న. ఇంకిద్దరు ఎక్కితె ఆటో కదులుతది. ఒకామె ఎక్కింది. ఆమె ఒళ్లె కొబ్బరికాయలు. నేను స్కార్ఫు సదురుకున్న. ఇంకొకాయన ఎక్కేటప్పుడు నేను దిగిన.

ఎందుకు దిగిన్నో చెప్పాలె. విశ్వాసం వల్ల అని చర్చిల చెప్తె చప్పట్లు కొడ్తరు. నిజమేందంటె, గా ఆటోల నా లోపల నమ్మకం అనేది జర్రంత సుత లేకుండె. మల్లన్న మీద లేదు, ప్రభువు మీద లేదు, డాక్టరు మీద లేదు. పక్కన ఎవలో కూసున్నట్టు అనిపిచ్చేది గద, అది సుత లేదు. ఇచ్చిన మాట ఒక్కటే మిగిలింది. దాన్ని సుత ఇచ్చేస్తె ఇగ నా కాడ నాదనేది ఏం ఉండదు అనిపించింది. చాయి తాగి వాపసు బస్సెక్కిన.

ఇంటికొచ్చి మా అత్తకు ఉన్నదున్నట్టు చెప్పిన. "పోయిన అత్తా. ఆటో దాకా పోయిన. నాతోని కాలే." ఆమె "అన్నం పెట్టు" అన్నది. మూడు దినాలకు తిన్నది.

అమావాస్యకు ముందు దినం, తమ్ముణ్ణి చూసొస్త అని తల్లిగారింటికి పోయింది. రెండో దినం పగటి బస్సుకు వచ్చింది. నెత్తి నిండ చెంగు కప్పుకొని ఉన్నది. ఎండకు అనుకున్న. నీళ్లు తాగుతుంటె చెంగు జారింది. గుండు. మీద గంధం పూసి ఉన్నది.

మా మామ పోయినప్పుడు సుత ఆమె ఎంటికలు తీయలే. దినాం ఆముదం రాసి దువ్వుకొని కొప్పు పెట్టుకునేది. గదొక్కటే ఆమె సోకు. నేను గట్టిగ ఏడ్సిన. "ఎవలు అడిగిన్రు నిన్ను? నేనడిగిన్నా?" అని ఆమె మీదికి లేసిన. సిగ్గులేనిదాన్ని, గప్పుడు సుత తిట్టిన.

"ఎందుకు ఒర్రుతవ్" అన్నది మా అత్త. "మల్లన్నకు చెప్పుకున్న. కోడలు ఇయ్యది, దానికి దాని దేవుడున్నడు. మొక్కింది నేను, నాయి తీసుకో అన్న. తెల్లయే, సగం రాలినయే. అయినా తీసుకున్నడు."

సైదులు గడపల కూసోని టైరు పట్టుకున్న నల్ల చేతులతోనే మొఖం తుడుసుకున్నడు.

సాక్ష్యం

నాలుగు దినాలకు రిపోర్టు వచ్చింది. రోగం లేదన్నరు. పాత గాయం గడ్డకట్టింది, గంతేనట. మా అత్త గుట్ట దిక్కు తిరిగి దండం పెట్టింది. పాస్టరయ్య ఫోన్ల స్తోత్రం స్తోత్రం అన్నడు. సైదులు డాక్టరమ్మకు జామపండ్లు తీసుకపోయిండు. నేను నా ప్రభువుకే చెప్పుకున్న. ముగ్గురిల ఎవలది నిజమో నన్నడగకుండ్రి. నేను ఎవలకు చెప్పుకోవాల్నో నాకు తెలుసు, గంతవరకే తెలుసు.

ఆదివారం చర్చి వాకిట్ల పాస్టరయ్య నన్ను పక్కకు పిలిచిండు. "ముడుపు పారేసిన సంగతి గట్టిగ చెప్పమ్మా. మీ అత్త గుండు సంగతి అక్కరలేదు, విశ్వాసులకు తికమక అయితది" అన్నడు. ఎవలో అప్పటికే ఆయన చెవుల ఏసిన్రు. తల ఊపిన. మైకు చేతికిచ్చిండు.

స్కార్ఫు మీద చెంగు సదురుకొని నిలబడ్డ. గిట్ల చెప్పిన. "నేను మా అత్త ముడుపును చెత్తల ఏసిన. అది పుణ్యం కాదు, నాకు బుగులై ఏసిన. ఆమె వానల ఎతికింది. నేను నా మాట ఇడువలే, నా ఎంటికలు ఇయ్యలే. గని నా బదులు ఆమె గుండు చేయించుకున్నది. నేను ఇయ్యాల్సింది ఇంకొకలు ఇచ్చిన్రు. గిసొంటి ముచ్చట చిన్నప్పటి సంది ఇదే చర్చిల వింటున్న, ఒకాయన మన బదులు ఇచ్చిండని. విన్న గని ఎన్నడు కండ్లతోని చూడలే. మొన్న మా ఇంట్ల చూసిన. ఆమె చర్చికి రాదు. మీరు నా మంచం కాడికి ఒక్కటే తాప వచ్చిన్రు, పాపం ఒప్పుకోమన్నరు. నేను ప్రభువును ఇడువలే. గిదే నా సాక్ష్యం."

ప్రతి సాక్ష్యానికి ఎనుక స్తోత్రం అంటరు మా చర్చిల. ఎవలు అనలే. పాస్టరయ్య మైకు గుంజుకొని పాట మొదలువెట్టిండు. ఆరాధన అయిపోయినంక వందనాలు చెప్తె, చేతులు కలిపేటోళ్లు పిల్లలను సదురుకుంట పోయిన్రు. నన్ను పాపం ఒప్పుకోమన్నామె నా పక్కనుంచే చెప్పులేసుకొని పోయింది, చూడనట్టే.

ఇంటికొచ్చిన. మా అత్త వాకిట్ల చాటల బియ్యం చెరుగుతున్నది. సైదులు బండి కడుగుతున్నడు.

"ఏం చెప్పినవే?" అన్నది మా అత్త.

"నీ గుండు సంగతి చెప్పిన."

"ఏమన్నరు?"

"ఏమనలే. మొఖాలు తిప్పుకున్నరు. చెయ్యి సుత కలపలే."

సైదులు నీళ్లు బందు పెట్టిండు. "ఇప్పుడన్న ఇడుస్తవానే?" అన్నడు. నవ్వలే, సీదగ అడిగిండు. నిజం చెప్పాల్నంటె, మందుకు ఇడువలే, ఎంటికలకు ఇడువలే గని, ఆ గడియల ఇడుద్దామనే అనిపించింది.

మా అత్త చాట కింద పెట్టింది.

"ఎందుకు ఇడుస్తదిరా?" అని కొడుకు మీదికి లేసింది. "నా చిన్నప్పుడు మా గుట్ట మీద మనోళ్లను కింది మెట్టు కాడనే ఆపేటోళ్లు. లోపల మల్లన్న ఎట్లుంటడో నా పెండ్లయ్యేదాక నేను చూడలే. కిందనే నిలబడి మొక్కిన. ఆపింది మనుషులు, మల్లన్న కాదు. మనుషులు మొఖం తిప్పుకున్నరని దేవుణ్ణి ఎవలన్న ఇడుస్తరా?"

నా దిక్కు తిరిగింది. "వచ్చే ఆదివారం సుత పో. ఎనుక కూసోకు, ముంగటనే కూసో."

పోయిన. ముంగటనే కూసున్న.